రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికి వెళ్లే ఎంబీబీఎస్ విద్యార్థి సెలవుల్లో ఏం చేయాలి?

ఎంబీబీఎస్ రెండో సంవత్సరం పరీక్షలు ముగించి రెండు వారాల సెలవుకు ఇంటికి వెళుతున్నానని, ఆ రోజుల్లో చదువుకోవాలా విశ్రాంతి తీసుకోవాలా అని అడిగారు. దానికి తోడు, ఊళ్లో వాళ్లు మీరు అప్పుడే డాక్టరైపోయినట్టు తమ జబ్బులు చెప్పుకుంటే ఏం బదులివ్వాలని కూడా అడిగారు. మొదటి ప్రశ్నకు నా జవాబు చాలా చిన్నది: నిద్రపోండి. రెండో ప్రశ్నకు మాత్రం నా సొంత సెలవుల్లో జరిగినది చెప్పకుండా జవాబు రాయలేను.

నేను కర్నూలు వైద్య కళాశాలలో చదివాను, ఇప్పుడు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. మాది గుత్తికి కొద్ది దూరంలో ఉన్న పల్లె. పాథాలజీ (జబ్బుల శాస్త్రం), మైక్రోబయాలజీ (సూక్ష్మజీవుల శాస్త్రం), ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) మూడింటికీ థియరీ పేపర్లు, ఆ వెనుక ప్రాక్టికల్స్, వైవాలు (నోటి పరీక్షలు) ముగిసేసరికి చివరి పది రోజులు రోజుకు మూడు నాలుగు గంటలకు మించి నిద్రపోలేదు. కర్నూలులో బస్సెక్కి కూర్చున్నది గుర్తుంది గానీ డోన్ ఎప్పుడు దాటిందో తెలియదు. గుత్తిలో కండక్టరు భుజం తట్టి లేపాడు.

గుత్తిలో ఆటో కోసం నిలబడి ఉండగా నాకొక సంగతి తట్టింది. దత్తమండలాలకు మొదటి ప్రధాన కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1827లో మా పక్కనున్న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయనను మొదట ఖననం చేసింది గుత్తిలోనే. గవర్నరు దండు వెంట వైద్యులుండి కూడా ఏమీ చేయలేకపోయిన ఆ జబ్బు గురించి నేను వారం కిందటే మైక్రోబయాలజీ పేపరులో పేజీలకు పేజీలు రాసి వచ్చాను. అయితే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలిపి, విరేచనాలవుతున్న మనిషికి మొదటి గంట నుంచే తాగించాలన్నది మా ఇంట్లో ఎవరికీ తెలియదని, నేనెప్పుడూ చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. పరీక్షలో మార్కులు తెచ్చే ముక్క వేరు, ఇంట్లో అక్కరకు వచ్చే ముక్క వేరు అని ఆ సెలవులు నాకు రెండు సార్లు నేర్పాయి. ఒకసారి నేను సిగ్గుపడేలా నేర్పాయి.

మొదటి రెండు రోజులు నేను తినడానికి తప్ప లేవలేదు. సంగటి, చెనక్కాయల ఊరిబిండి, మజ్జిగ, మళ్లీ నిద్ర. ఎవరైనా పలకరించడానికి వస్తే "పండుకోనీలే, పాపం కండ్లు లోపలికి పోయినాయి" అని మా నాయన వాకిట్లోనే ఆపి పంపేవాడు. మీరు కూడా ఈ రెండు రోజులను ఎవరికీ ఇవ్వకండి. అయితే మూడో రోజు నుంచి పొద్దున ఒకే వేళకు లేవడం అలవాటు చేసుకోండి. మధ్యాహ్నం దాకా పడుకునే అలవాటుతో కళాశాలకు తిరిగి వెళితే ఉదయం వార్డు పోస్టింగులో నిలబడి కునికిపాట్లు పడవలసి వస్తుంది.

మూడో రోజున చిన్నమ్మ వచ్చింది. దవడ కింద ఒక గడ్డ నెల రోజులుగా ఉందని, నొప్పి పెద్దగా లేదని చెప్పి నా చేతిని పట్టుకుని తన మెడ మీద పెట్టించుకుంది. పాథాలజీ అప్పుడే చదివి వచ్చినవాడిని. లింఫు గ్రంథుల వాపు మీద అరగంట వైవా ఇచ్చినవాడిని. ఇంట్లో నలుగురు వింటుండగా, టీబీ కావచ్చునని, లింఫోమా కూడా కాదని చెప్పలేమని, ముక్క తీసి పరీక్ష చేయించాలని చెప్పేశాను. లింఫోమా అంటే ఏమిటని చిన్నాయన అడిగాడు. లింఫు గ్రంథుల క్యాన్సరని దానికి కూడా జవాబు చెప్పాను. ఆ రాత్రి వాళ్లింట్లో ఎవరూ అన్నం తినలేదని, చిన్నాయన అప్పు కోసం ఇద్దరి దగ్గరికి వెళ్లివచ్చాడని నాకు తర్వాత తెలిసింది.

పది రోజులు ఆగి అనంతపురంలో చూపిస్తే అక్కడి వైద్యుడు గడ్డను ముట్టుకోక ముందే నోరు తెరవమన్నాడు. కింది దవడ పన్ను ఒకటి వేరు దాకా పుచ్చిపోయి ఉంది. దంతవైద్యుడు ఆ పన్ను తీసి మందులిచ్చిన తర్వాత రెండు మూడు వారాల్లో గడ్డ కరిగిపోయింది. "సంపినావు కదరా నాయనా, పది దినాలు కూడు దిగలేదు నాకు" అని చిన్నమ్మ నవ్వుతూనే అన్నది గానీ నేను తల ఎత్తలేకపోయాను. ఆమె మెడను అంతసేపు తడిమి చూసిన నేను నోరు తెరవమని అడగలేదు. పుచ్చిపన్ను గురించి నన్ను ఏ ఎగ్జామినరూ అడగలేదు, నేనూ దాని గురించి ఆలోచించలేదు.

రెండో సంవత్సరం ముగించిన విద్యార్థికి ఉన్న ప్రమాదం ఇదే. పాథాలజీ పుస్తకమంతా జబ్బులే. వాటిలో ఏది వెయ్యిమందిలో ఒకరికి వస్తుందో, ఏది పదిమందిలో తొమ్మిదిమందికి వస్తుందో ఆ చదువు అప్పటికి ఒంటబట్టి ఉండదు. ఓపీలో ఏళ్ల తరబడి కూర్చుంటేనే ఆ లెక్క చేతికి వస్తుంది. హాస్టలులో మనలో సగంమంది ఏదో ఒక రాత్రి తమ మెడలోనే గడ్డలు వెతుక్కుని భయపడినవాళ్లమే కదా! ఆ భయాన్ని ఊరికి మోసుకుపోవద్దు. ఎవరైనా లక్షణం చెబితే జబ్బు పేరు నోటి నుంచి రానివ్వకండి. ఎన్నాళ్లుగా ఉంది, పెరుగుతోందా, జ్వరం ఉందా, బరువు తగ్గారా అని అడిగి, ఎవరికి చూపించాలో, ఎంత త్వరగా చూపించాలో చెప్పండి. మీ అనుమానం పెద్దదైతే ఇంట్లో బాధ్యత గల ఒకరిని పక్కకు పిలిచి, ఆలస్యం చేయవద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

ఇక మా జేజి (అవ్వ) సంగతి. ఆమెకు మోకాళ్ల నొప్పులు, బీపీ. చిన్నమ్మ విషయం ఇంకా తేలకముందే, ఒక మధ్యాహ్నం జేజి తన మందుల కవరు తెచ్చి నా ముందు గుమ్మరించింది. మాత్రల అట్టలు చాలావాటిని దుకాణంలో కత్తెరతో ముక్కలు చేసి ఇచ్చారు. కొన్నిటి మీద పేరు లేదు, కొన్నిటి మీద గడువు తేదీ లేదు. మిగిలినవాటి మీద పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరును వదిలిపెట్టి కింద సన్నగా అచ్చువేసిన అసలు మందు పేర్లను కాగితం మీద రాసుకుంటూ పోయాను. ఊళ్లో సూదులు వేసే ఆయన ఇచ్చింది డైక్లోఫెనాక్. పట్టణంలో ఎముకల డాక్టరు రాసింది ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర. రెండూ ఒకే జాతి నొప్పి మందులు. రంగు, పేరు వేరుగా ఉన్నందువల్ల ఆమె రెండింటినీ ఐదారు నెలలుగా వేసుకుంటోంది. బీపీకి ఎనాలాప్రిల్. కాళ్ల వాపులు వచ్చాయని మరొకచోట రాసిచ్చిన ఫ్యూరోసెమైడ్.

ఆ నాలుగు పేర్లను వరుసగా రాసి చూసేసరికి వారం కిందటి ఫార్మకాలజీ నా కళ్లముందు నిలబడింది. మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే గ్లోమెరులస్‌కు రక్తం తెచ్చే సన్నని నాళాన్ని ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తెరిచి ఉంచుతాయి. నొప్పి మందులు వాటి తయారీనే ఆపుతాయి కాబట్టి లోపలికి వచ్చే దారి ఇరుకవుతుంది. ఎనాలాప్రిల్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. ఫ్యూరోసెమైడ్ ఒంట్లోని నీటినే తగ్గిస్తుంది. ముసలి ప్రాణానికి, అందులోనూ మా వైపు ఎండల్లో నీళ్లు సరిగా తాగని మనిషికి, ఈ మూడూ కలిస్తే వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోయి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. పైగా నొప్పి మాత్రలు ఉప్పును, నీటిని ఒంట్లో నిలిపి కాళ్లకు వాపు తెస్తాయి, బీపీని కూడా పెంచుతాయి. అంటే ఒక మందు తెచ్చిన వాపుకు ఇంకొక మందు వేసుకుంటోందన్నమాట. ఈ మందులిచ్చినవాళ్లలో ఎవరూ మిగిలినవాళ్ల చీటీలు చూసి ఉండరు. జేజి కూడా చూపించి ఉండదు.

అప్పుడు నేను చేసిన మంచి పని ఒకటే: ఏ మాత్రనూ నా అంతట నేను ఆపలేదు. ఆ నాలుగింటిలో రెండు నొప్పి మందులు కలిపి వేసుకోవద్దని, చూపించుకునే దాకా ఒట్టి పారాసిటమాల్ మాత్ర చాలునని నాకు అనిపించింది. కానీ పేరు తెగిపోయిన అట్టల్లో ఏముందో నాకు తెలియదు. పల్లెల్లో నొప్పులకు ఇచ్చే పొట్లాల్లో స్టెరాయిడు కలిసి ఉండడం అరుదు కాదు. నెలల తరబడి వాడిన స్టెరాయిడును ఒక్కసారిగా మానేస్తే ఒంటికి కావలసిన స్టెరాయిడును తయారుచేసే అడ్రినల్ గ్రంథి పని అందుకోలేక మనిషి కూలిపోవచ్చు. అందుకని మందుల పేర్లు, మోతాదులు, ఎన్నాళ్లుగా వాడుతోంది, ఎవరు రాశారు అన్నవన్నీ ఒకే కాగితం మీద రాసి, కవరుతో సహా మరుసటి రోజే జేజిని గుత్తికి తీసుకెళ్లాను. అక్కడి వైద్యుడు కాగితం చూసి, నన్ను ఒకసారి చూసి, రక్తపరీక్ష రాశారు. మూత్రపిండాలు సరిగా వడకట్టకపోతే పెరిగే క్రియాటినిన్ 1.9 వచ్చింది. నొప్పి మాత్రలు రెండూ ఆపించి, బీపీ మందు మార్చి, నీళ్లు ఎంత తాగాలో చెప్పి పంపారు. నేను కర్నూలుకు తిరిగి వెళ్లాక మా నాయన మళ్లీ పరీక్ష చేయిస్తే 1.2కు దిగింది. కాళ్ల వాపు కూడా తీసింది.

చిన్నమ్మ దగ్గర నేను జబ్బు పేరు వెతికాను, జేజి దగ్గర మందు పేరు చదివాను. రెండో సంవత్సరం ముగిసిన చేతికి అందే పని రెండోదే. రోగిని పరీక్షించే అనుభవం మీకింకా లేదు గానీ మందుల విషయంలో మీకున్నంత తాజా జ్ఞాపకం ఆ నెలలో చాలామంది పెద్ద డాక్టర్లకు కూడా ఉండదు. కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్ల మందుల కవర్లు అడిగి తీసుకుని చూడండి. ఒకే మందు రెండు పేర్లతో ఉందా, గడువు దాటినవి ఉన్నాయా, పొద్దుటి మాత్ర రాత్రి వేసుకుంటున్నారా అన్నవి చూడండి. చక్కెర జబ్బుకు గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకునేవాళ్లు శనివారం ఒక్కపొద్దు ఉంటారేమో తప్పక అడగండి. మాత్ర వేసుకుని తిండి మానేస్తే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. దానిని దేవుడు పూనాడనో, నీరసమనో అనుకుని పడుకోబెట్టిన ఇళ్లను నేను ఎరుగుదును. మనిషి స్పృహలో ఉంటే వెంటనే చక్కెర నీళ్లు తాగించాలని, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలని ఇంట్లో వాళ్లకు నేర్పండి. రంజాన్ ఉపవాసాలుండే ఇళ్లలో అయితే నెల మొదలవకముందే డాక్టరును కలిసి మాత్రల వేళ మార్పించుకోమని చెప్పండి.

బీపీ మిషను దొరికితే తీసుకెళ్లండి, ఊరంతా వస్తారు. వచ్చినవాళ్లను వచ్చినట్టే చూడవద్దు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపుకు ఆనుడు, పాదాలు నేల మీద, చేయి గుండె ఎత్తులో ఉండేలా చూసి, రెండుసార్లు కొలవండి. అరగంట ముందు కాఫీ తాగి ఉండకూడదు, పొగాకు వేసి ఉండకూడదు. మా జేజి ఆకువక్కలో పొగాకు నములుతూనే చేయి చాపేది. అంకెను రాసి ఇవ్వండి, మందు మాత్రం రాయకండి.

మీరు తడబడకుండా గట్టిగా చెప్పదగినవి కొన్ని ఉన్నాయి. కుక్క కరిస్తే సున్నమూ పసరూ పూయకుండా గాయాన్ని 15 నిమిషాలు సబ్బు నీటి ధారతో కడిగి, ఆ రోజే టీకాకు వెళ్లాలి. పాము కరిస్తే కోసి పీల్చడం, తాడు బిగించడం మాని, కాలు కదలనీయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. వీటిలో మీ వయసు చూసి వెనుకాడవద్దు.

మీ కళాశాల పెద్దాసుపత్రికి ఎవరైనా వస్తామంటే మీ నంబరు ఇవ్వక తప్పదు. ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలి, ఏ వారం ఏ యూనిట్ ఓపీ, ఆధార్ కార్డు, పాత చీటీలు తెచ్చుకోవాలన్న మాటలే వాళ్లకు సగం వైద్యం. హౌస్ సర్జన్ అయ్యేదాకా మనవల్ల ఊరికి జరిగే అసలైన ఉపకారం అదేనని నాకనిపిస్తుంది.

ఫలితాల గురించి ఇంట్లో అడిగితే వచ్చినప్పుడు చూద్దామనండి. సప్లిమెంటరీ వస్తే రాయవచ్చు, అది ఇప్పుడు తలకెత్తుకునే బరువు కాదు. మూడో సంవత్సరం పుస్తకాలు మాత్రం ముట్టుకోవద్దు. సంచిలో ఫార్మకాలజీ పుస్తకం ఒక్కటి పెట్టుకోండి. దాన్ని జూనియర్లకు అమ్మే బేరం సెలవుల నుంచి తిరిగి వచ్చాక చూసుకోవచ్చు.