మోటారు ఆపగానే గోడలో దడేల్మంటుంటే

సంపు మోటారు ఆపిన మరుక్షణమే గోడలో ఒక్కసారి దడేల్మంటోందని రాశారు. అంటే లోపం మోటారుది కాదండీ, దాని పైన, నీటిని ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వుది అయ్యుండాలి. డాబా మీది ట్యాంకుకు ఎక్కుతున్న నీరు మోటారు ఆగగానే వెనక్కి జారుతుంది. రెక్క రకం వాల్వు కాస్త ఆలస్యంగా మూసుకుంటుంది. ఈలోగా వేగం అందుకున్న నీరు రెక్కను ఈడ్చి కొడుతుంది. ఇంట్లో ఎవరినైనా స్విచ్చి ఆపమని, మీరు వాల్వు మీద చెయ్యి పెట్టి చూడండి. దెబ్బ అక్కడే తెలిస్తే స్ప్రింగు రకం వేయించండి. అది నీరు వెనుదిరిగేలోపే మూసుకుంటుంది. బిగించేటప్పుడు దాని మీది బాణం ట్యాంకు వైపే ఉండాలి. గోడ వెంట పైపు వదులుగా ఊగుతుంటే మీటరుకో క్లాంపు, దాని కింద రబ్బరు ముక్క వేయిస్తే సరి. మోటారే మార్చాలని ప్లంబరు అంటే మాత్రం తొందరపడి ఒప్పుకోకండి.