కాలువ గట్టు మీది లస్కరు పరాయివాడా?

సందేహం: మాది కోనసీమ. ఎనిమిదో తరగతి చదివే మా మనవడు మా ఊరి కాలువ గురించి వ్యాసం రాశాడు. అందులోని లాకులు, లస్కరు (కాలువ తూముల దగ్గర నీళ్లు వదిలే పనివాడు), శిస్తు, కౌలు రైతు అనే మాటల కింద వాళ్ల మాస్టారు ఎర్రగీత గీశారు. ‘ఇవి మనల్ని గెలిచినవాళ్లు రుద్దిన మాటలు. జలద్వారం, జలపర్యవేక్షకుడు, భూమిపన్ను అని అచ్చ తెలుగులో రాయి’ అన్నారట. ఇన్నాళ్లూ మేం మాట్లాడింది తెలుగు కాదా? పైగా లస్కరు అని రాయాలా, లష్కర్ అని రాయాలా? – ఒక పాఠకుడు

సమాధానం: ముందు సవరణల సంగతి చూద్దాం. జలం, ద్వారం, పర్యవేక్షకుడు, భూమి – అన్నీ సంస్కృతం. మొత్తం మీద ‘పన్ను’ ఒక్కటే తెలుగు. ఒక పరాయి మాట తీసి ఇంకో పరాయి మాట పెడితే అచ్చ తెలుగు ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. అచ్చ తెలుగు మీద అంత పట్టుదల ఉంటే ఒక విషయం గుర్తుంచుకోవాలి. మొదటి అచ్చ తెలుగు కావ్యంగా పేరున్న యయాతి చరిత్రను పొన్నగంటి తెలగన్న అంకితం ఇచ్చింది గోలకొండ కుతుబ్‌షాహీల కొలువులోని అమీన్‌ఖానుకి. సంస్కృతం కలవని తెలుగు వినాలని ముచ్చటపడి సొమ్ము పెట్టినవాడు ఒక ముసల్మాను ప్రభువు!

అయితే మాస్టారు అన్నదాంట్లో నిజం లేకపోలేదు. గెలుపు వెంటే మాటలు వచ్చాయి. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి లొంగింది. రాజమండ్రి మసీదులో 1324 నాటి పారసీ శాసనం ఉంది. తరవాత రెడ్లు, గజపతులు, ఆపైన కుతుబ్‌షాహీలు, మొగలాయిలు, నిజాములు. శ్రీనాథుడు దాక్షారామం మీద రాసిన భీమేశ్వర పురాణంలోనే బెండపూడి అన్నయ మంత్రికి అరబ్బీ, తురక భాషలు వచ్చునని మెచ్చుకున్నాడు. అంటే 15వ శతాబ్దం నాటికే మన డెల్టాలో మంత్రిపని చేసేవాడికి ఆ భాషలు రావడం గొప్ప అర్హత.

ఇక్కడ గమనించాల్సింది, ఏ ఏలిక మన బతుకులో ఎక్కడ చెయ్యి పెట్టాడో అక్కడే అతని మాట నిలిచిందని. పారసీ, అరబ్బీ మాటలు భూమి లెక్కల్లోనూ కచేరీల్లోనూ పాతుకున్నాయి: శిస్తు, కిస్తీ, వసూలు, బాకీ, దస్తావేజు, ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం). జప్తు, జరిమానా, ఖైదు కూడా వాటితోనే వచ్చాయి. రెండు సంస్కృతులు ముచ్చటగా కలిసిపోయాయని రాసేవాళ్లు ఈ మూడింటినీ ఎందుకో వదిలేస్తుంటారు. ‘రైతు’ కూడా అంతే. అరబ్బీలో ఆ మాట ఏలికకు లోబడిన జనానికి చెల్లేది. ‘కౌలు’ అంటే ఇచ్చిన మాట, ఒప్పందం. మీ మనవడు రాసిన ‘కౌలు రైతు’లో రెండు ముక్కలూ అరబ్బీవే. కానీ ఈ రెండూ కలిసి చెప్పే మనిషి, ఆ గొడవ, ఆ కష్టం గోదావరి జిల్లాలవి. ఆ జంటను విడగొట్టి ఎవరికి తిరిగి ఇస్తాం?

ఇవన్నీ నవాబులే తెచ్చారనుకోకండి. 1753లో నిజాం ఈ కోస్తా సర్కారు జిల్లాలను ఫ్రెంచివాళ్లకు ఇచ్చాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో వాళ్లు ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడారు. కంపెనీ వచ్చాక భాష మారలేదు సరికదా, అదే పారసీ లెక్కల భాష ఇంకా లోపలి పల్లెలకు పాకింది. దొరలకే ఆ మాటలు బోధపడక బ్రౌన్ 1852లో ‘జిల్లా నిఘంటువు’ వేయాల్సి వచ్చింది.

ఓడల మీద వచ్చినవాళ్ల దారి వేరు. బుడతకీచుల (పోర్చుగీసువాళ్ల) మేస్త్రి ఇప్పటికీ మన ఇళ్లు కడుతున్నాడు. పాలకొల్లులో, నరసాపురంలో, కాకినాడ జగన్నాథపురంలో వర్తకం చేసిన డచ్చివాళ్లు పొలాల జోలికి పెద్దగా రాలేదు, పేకముక్కల్లో మిగిలారు. ఆఠీను, కళావరు, తురుఫు డచ్చి మాటలే. సంక్రాంతికి భీమవరం వైపు కూర్చునేవాళ్లకు ఈ పాఠం నేను చెప్పనక్కర్లేదు.

నీళ్లు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చాయి. 1847లో మొదలై 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువల్లో నీటిమట్టం మారే చోట పడవలు దాటడానికి కట్టిన ‘లాక్’ మన నోట చివర ఉకారం తగిలించుకుని లాకు అయింది. బహువచనం వచ్చింది, విభక్తి వచ్చింది: ‘లాకుల దగ్గర దిగుతాను’. మన ‘ఆనకట్ట’నేమో వాళ్లు తమిళం నుంచి తెచ్చుకున్న ‘అనికట్’ అనే మాటతో రాసుకున్నారు. కాటన్ దొరను భగీరథుడని తలుచుకునే సంస్కృత శ్లోకం ఒకటి డెల్టాలో వినిపిస్తుంది. అందులో దొర పేరు ‘కాటనుం’ అని ద్వితీయా విభక్తిలో ఉంటుంది. ఇంగ్లీషు ఇంటిపేరుకి సంస్కృత విభక్తి పెట్టి తెలుగువాళ్లు చదువుకుంటున్నారు, ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు.

పేర్లు అరువు తెచ్చుకోవడం పెద్ద వింత కాదు. వ్యాకరణంలోకి రావడం వింత. ‘మా బావగారి తాలూకు చుట్టాలు’ అంటాం. ఈ తాలూకు అరబ్బీలో ‘సంబంధం’ అనే మాట. జిల్లాలో భాగమైన తాలూకా కూడా దాని తోబుట్టువే. 1985లో మండలాలు వచ్చి తాలూకాలు పోయాయి, ‘తాలూకు’ మాత్రం షష్ఠీ విభక్తి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ‘కొనుగోలుదారు’ చూడండి, తల తెలుగు, తోక పారసీ. ‘వినియోగదారు’లో తల సంస్కృతం. ఎర్రగీత గీసిన మాస్టారు గారు కరెంటు బిల్లు మీద ఈ మాటను ప్రతినెలా చదువుతూనే ఉంటారు.

చెయ్యి పెట్టని చోట మన మాటలే ఉన్నాయి: బోదె, గట్టు, మెరక, పల్లం, లంక, ఊడ్పులు, కుప్పనూర్పు. ఆఫీసువాళ్లు ఖరీఫ్, రబీ అని రాసుకుంటే రైతులు సార్వా, దాళ్వా అంటారు. నన్నడిగితే, మీ మనవడి వ్యాసంలో మాస్టారు పట్టించుకోవాల్సింది అది. ఖరీఫ్ అని రాసి ఉంటే మాత్రం సార్వాగా మార్పించండి. వాడుకలో బతికి ఉన్న మాటను తీసి కాగితం మాట పెట్టడం నాకూ నచ్చదు. అదే లెక్కన జలపర్యవేక్షకుడు అక్కర్లేదు.

ఇక లస్కరు. పారసీ లష్కర్ అంటే సైన్యం. బుడతకీచులు, ఇంగ్లీషువాళ్లు దాన్ని ఓడ పనివాళ్లకూ, ఫిరంగుల దగ్గరా గుడారాల దగ్గరా ఉండే సహాయకులకూ వాడారు. అక్కణ్ణించి ఇరిగేషన్ శాఖకి వచ్చింది. కాటన్ కూడా మద్రాసు సైన్యపు ఇంజినీరే కదా. సైన్యమంత మాట చివరికి తూము తలుపు ఎత్తి దించే ఒక్క మనిషికి పేరైంది. కాబట్టి సైన్యం, దండు అనే అర్థంలో అయితే లష్కర్ అని రాయాలి, సికింద్రాబాదు లష్కర్ బోనాల్లో ఉన్నట్టు. కాలువ మీది మనిషికి లస్కరు. బహువచనం లస్కర్లు. మీ వాడు రాసింది సరైనదే, దిద్దించవద్దు.