అమెరికా జాజ్ శాక్సఫోన్ కళాకారుడు సానీ రోలిన్స్ మంచి పేరున్న రోజుల్లోనే కచేరీలు ఎందుకు మానేశారు?

తనకు వస్తున్న పేరుకు తగినట్టు తాను వాయించడం లేదని ఆయనకే అనిపించింది కాబట్టి.

1956లో రికార్డు చేసిన ‘శాక్సఫోన్ కలోసస్’ ఆల్బమ్‌తో రోలిన్స్ టెనర్ శాక్సఫోన్ వాయిద్యకారుల్లో మొదటి వరుసకు చేరారు. 1959లో కచేరీలు ఆపేసే నాటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. జాజ్‌లో పాట వరుసను పట్టుకుని అప్పటికప్పుడు కొత్త స్వరాలు కల్పించాలి, మన సంగీతంలో మనోధర్మం లాగా. దానికి ఊపిరి, వేళ్లు, ఆలోచన ఒక్కటిగా కదలాలి. ఒకదాని వెంట ఒకటిగా కచేరీలు ఉంటే అంత సాధనకు తీరిక ఎక్కడిది?

ఇంట్లో గంటల తరబడి ఊదితే ఇరుగుపొరుగుకు ఇబ్బందని, న్యూయార్క్‌లోని విలియమ్స్‌బర్గ్ వంతెన కాలిబాట మీద సాధన చేసేవారు. రైళ్లు, కార్ల రొదలో ఎంత గట్టిగా వాయించినా అడిగేవారు లేరు. చలికాలంలోనూ మానలేదు. 1961 చివర్లో మళ్లీ వేదికెక్కారు. మరుసటి ఏడాది వచ్చిన ఆల్బమ్ పేరే ‘ది బ్రిడ్జ్’. శైలి పూర్తిగా మారిపోతుందని ఎదురుచూసిన కొందరు విమర్శకులు నిరాశపడ్డారు. నా దృష్టిలో అది అన్యాయం: ఆయన వెతికింది కొత్త శైలి కాదు, తన శైలి మీద మరింత పట్టు.

మత్తుమందుల వల్లే ఆగిపోయారని చాలామంది అనుకుంటారు. ఆ అలవాటుకు ఆయన 1955లోనే అమెరికాలోని లెక్సింగ్టన్ నగరంలో చికిత్స తీసుకుని బయటపడ్డారు. భారతదేశానికి వచ్చి బొంబాయి దగ్గర ఆశ్రమంలో గడిపింది కూడా ఈ విరామంలో కాదు, 1960ల చివర్లో తీసుకున్న మరో విరామంలో.