పడవల షెడ్డుకి 11 నెలల అగ్రిమెంటు చాలదు

ప్రశ్న: మాది చెన్నై. ఈసీఆర్ (తూర్పు తీర రహదారి) పక్కన ముట్టుకాడు ఉప్పునీటి పాయ దగ్గర రెండు రోయింగ్ క్లబ్బులు, పిల్లలకు సెయిలింగ్ నేర్పే ఒక క్లబ్బు కలిసి ఒకేచోట పడవల షెడ్డు, దిగుడు రేవు, బట్టలు మార్చుకునే గదులు పెట్టుకోవాలనుకుంటున్నాం. ఒడ్డున 40 సెంట్ల సరుగుడు తోట ఉన్న తెలిసినాయన స్థలం ఇస్తామన్నారు. అయితే 11 నెలల అగ్రిమెంటు రాసుకుని ఏటా పొడిగించుకుందాం అంటున్నారు. మూడింటిలో ఒక్క క్లబ్బే రిజిస్టరయింది. దాని పేరు మీద రాయించుకోవచ్చా? షెడ్డుకు పెట్టే డబ్బుకు భద్రత ఉంటుందా?

జవాబు: చట్టప్రకారం రాయించుకోవచ్చు. కానీ మీ పరిస్థితిలో ఆ పని చేయకండి.

ముందు ఆ 11 నెలల సంగతి. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావాలని రిజిస్ట్రేషన్ చట్టం, 1908 సెక్షన్ 17 చెబుతుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి పుట్టిన అలవాటే 11 నెలలు. ఇల్లయితే సామాను సర్దుకుని వేరే ఇంటికి పోవచ్చు. ఎనిమిది మంది తెడ్లు వేసే పడవ 17 మీటర్లు పైనే ఉంటుంది, దాన్ని తీసుకుపోయి ఎక్కడ పెడతారు? పైగా ఇలాంటి కాగితాలకు చాలామంది 'లైసెన్సు' (స్థలం వాడుకోవడానికి ఇచ్చే అనుమతి మాత్రమే) అని పేరు పెడతారు. ఈజ్‌మెంట్ల చట్టం, 1882 ప్రకారం లైసెన్సును యజమాని రద్దు చేసుకోవచ్చు. ఆయన స్థలం అమ్మేస్తే కొన్నవాళ్లు దానికి కట్టుబడి ఉండనక్కర్లేదు (సెక్షన్ 59). లైసెన్సును నమ్మి శాశ్వత కట్టడం కట్టినవాళ్లకు సెక్షన్ 60లో రక్షణ ఉంది. చిక్కంతా ఇక్కడే. నీటి ఒడ్డు కాబట్టి తీర నియంత్రణ నిబంధనలు మిమ్మల్ని బోల్టులతో బిగించి విప్పుకునే షెడ్డు వైపు నెడతాయి. అలాంటిది శాశ్వత కట్టడం కాదని రేపు యజమాని తరఫు వకీలు వాదిస్తారు. ఆ వాదన నిలబడే అవకాశం ఎక్కువ.

కాబట్టి కనీసం 15 ఏళ్లకు రిజిస్టర్డ్ లీజు అడగండి. అద్దె బకాయి పడితే తప్ప, అదీ 90 రోజుల నోటీసు ఇచ్చాక తప్ప, యజమాని రద్దు చేయకూడదని అందులో ఉండాలి. మీరు బిగించినవాటిని తీసుకుపోయే హక్కు ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108(హెచ్)లో ఉంది కానీ, స్థలం మీ స్వాధీనంలో ఉన్నంతకాలమే. ఖాళీ చేశాక మరో మూడు నెలలు గడువు ఉంటుందని విడిగా రాయించుకోండి. సభ్య క్లబ్బులు వాడుకోవడం సబ్‌లీజు కిందికి రాదని కూడా రాయించాలి. తోట ఉమ్మడి ఆస్తి అయితే వాటాదారులందరి సంతకాలూ కావాలి. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) 30 ఏళ్లకు తీయండి.

ఇక పేరు ఎవరిది? ఒక క్లబ్బు పేరు మీద లీజు ఉంటే మిగతా రెండూ దానికి అతిథులే. ఆ క్లబ్బులో కొత్త కమిటీ వచ్చి తాళం మారిస్తే, డబ్బు పెట్టామనే రసీదు తప్ప మీ చేతిలో ఏ హక్కూ ఉండదు. స్థావరం కోసమే తమిళనాడు సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 1975 కింద కొత్త సంఘం పెట్టండి. క్రీడలు ఆ చట్టం ఒప్పుకున్న ఉద్దేశాల్లో ఉన్నాయి. కనీసం ఏడుగురు కావాలి గనుక క్లబ్బుకు ముగ్గురు చొప్పున తొమ్మిది మంది చేరండి. అందరికీ సభ్యత్వం ఇవ్వకండి. 60 మంది ఉన్న క్లబ్బు 15 మంది ఉన్న క్లబ్బును ప్రతి ఓటులోనూ ఓడిస్తుంది. క్లబ్బు నామినీలే సభ్యులు, కమిటీలో క్లబ్బుకు సమాన స్థానాలు, అద్దె మాత్రం పడవలు పెట్టే ర్యాక్ జాగా లెక్కన. ఎనిమిది మంది పడవ ర్యాకుకూ, 2.3 మీటర్ల పిల్లల తెరచాప పడవ ఆప్టిమిస్టుకూ ఒకే చందా పెడితే మొదటి ఏడాదే తగువు మొదలవుతుంది. బయటికి పోయే క్లబ్బుకు ఏమివ్వాలో (నా సలహా: పెట్టిన సొమ్ములో ఏటా పదో వంతు తరుగు తీసి, వాయిదాల్లో) ఇప్పుడే, మనసులు బాగున్నప్పుడే, సంఘం బైలాలో (నియమావళిలో) రాయండి. రిజిస్టర్ కాని ఆ రెండు క్లబ్బులూ కూడా నమోదు చేసుకోవడం మంచిది. సభ్యులు నిర్ణీత సంఖ్యకు చేరితే ఈ చట్టంలో నమోదు తప్పనిసరి.

అసలు పెద్ద ప్రశ్న మీరు అడగలేదు. తోటకూ నీటికీ మధ్య ఉన్న నేల ఎవరిది? ఎఫ్ఎంబీ స్కెచ్ (సర్వే కొలతల పటం), ఏ-రిజిస్టర్ (గ్రామ భూముల రెవెన్యూ రికార్డు) నకలు తీసి చూడండి. సాధారణంగా అది ప్రభుత్వ పోరంబోకు. యజమానిది కానిది ఆయన లీజుకివ్వలేరు. అక్కడ కంచె వేసినా, ర్యాంపు పోసినా 1905 నాటి భూ ఆక్రమణ చట్టం కింద నోటీసు వస్తుంది. దాని వాడకానికి కలెక్టరుకు విడిగా దరఖాస్తు పెట్టాలి.

అది ఆటుపోట్లున్న నీరు. 2011 తీర నియంత్రణ నోటిఫికేషన్లో అలాంటి నీటి అంచు నుంచి 100 మీటర్లు లేదా పాయ వెడల్పు, ఏది తక్కువైతే అంతవరకు నియంత్రణ ఉంటుంది. 2019 నోటిఫికేషన్లో ఆ 100 కాస్తా 50 అయింది. కొత్తది మీ జిల్లాకు ఆమోదమైన తీర ప్రణాళిక మ్యాపు ఉంటేనే వర్తిస్తుంది, లేకపోతే పాతదే. అన్నా యూనివర్సిటీ రిమోట్ సెన్సింగ్ సంస్థ లాంటి అధీకృత సంస్థతో మీ సర్వే నంబరు మీద పోటు గీత (పోటు నీరు చేరే అంచు) గుర్తింపజేసి, ఆ మ్యాపుతో జిల్లా తీర మండలి ప్రాధికార సంస్థకు వెళ్లండి. మన కృష్ణా డెల్టా నుంచి వచ్చే బకింగ్‌హామ్ కాలువ కూడా ఇక్కడి నీటిలోనే కలుస్తుంది. అది జాతీయ జలమార్గం-4లో భాగం. మీ తేలే రేవు ఆ కాలువ హద్దులోకి వస్తే అంతర్గత జలమార్గాల సంస్థ అనుమతి కూడా తీసుకోవాలి.

వేళల విషయంలో ప్రకృతి మీకు సాయం చేస్తుంది. రోయర్లకు తెల్లవారుజామున కదలని నీరు కావాలి, తెరచాపలకు మధ్యాహ్నం సముద్రపు గాలి కావాలి. రోయర్ వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటాడు, ఎదురొచ్చే పిల్లవాడి పడవ కనిపించదు. అందుకే వేళలూ, నీటిలో రాకపోకల దిశా బైలాకు అనుబంధంగా రాతలో ఉంచండి. ప్రమాదం జరిగితే నిర్లక్ష్యం తేల్చేటప్పుడు ముందు అడిగేది ఆ కాగితమే. 'ఏం జరిగినా మా బాధ్యత లేదు' అని తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకున్నా నిర్లక్ష్యానికి అది అడ్డు కాదు. 18 ఏళ్లు నిండని పిల్లల ఒప్పందం అసలు చెల్లదు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. పిల్లలు నీటిలో ఉన్నంతసేపు లైఫ్ జాకెట్లు, మోటారు రక్షణ పడవ తప్పవు. ఆ పడవకు ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం, 2021 కింద సర్వే, రిజిస్ట్రేషన్, బీమా చూసుకోండి.

విదేశీ క్లబ్బు ఎవరైనా పాత పడవలు ఉచితంగా పంపుతామంటే వెంటనే ఒప్పుకోకండి. వస్తువు రూపంలో వచ్చినా అది ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద విదేశీ విరాళమే, ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ కావాలి.

యజమానికి అడ్వాన్సు ఇవ్వడం మాత్రం ఆ పోటు గీత మ్యాపు చేతికొచ్చాకే. షెడ్డు వేయదలచిన చోటు ఆ నియంత్రణ హద్దులో పడితే, 15 ఏళ్ల లీజు ఉన్నా అక్కడ మీరు కట్టగలిగేది ఏమీ ఉండకపోవచ్చు.