జీడీబీ కనెక్ట్ అవుతోంది, బ్రేక్‌పాయింట్ మాత్రం పడట్లేదు: సమాధానం

జీడీబీ (ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపి తప్పులు వెతికే డీబగ్గర్) బోర్డుకు కనెక్ట్ అవుతున్నా బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్ ఆగాల్సిన చోటు) పడట్లేదని అడిగారు. స్ట్రిప్ చేసిన, అంటే ఫంక్షన్ల పేర్లు, లైన్ నంబర్ల లాంటి సింబల్స్ తీసేసిన బైనరీని చదువుతోంది మీ జీడీబీ, అందుకే ‘నో సింబల్ టేబుల్ ఈజ్ లోడెడ్’ అంటోంది. హన్మకొండ నుంచి ఎనుమాముల కాటా దగ్గరి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కనెక్ట్ అవుతోందన్నారుగా, ఇక పోర్టు జోలికి పోకండి.

బోర్డు మీద స్ట్రిప్ చేసిన ఫైలే ఉండనివ్వండి. సింబల్స్ కావాల్సింది ల్యాప్‌టాప్‌లోని జీడీబీకి, బోర్డు మీద నడిచే జీడీబీ సర్వర్‌కు కాదు.

1. సింబల్స్ చేర్చే ‘హైఫన్ జీ’ ఆప్షన్‌తో కంపైల్ చేసి, స్ట్రిప్ చేయకముందే ఒక కాపీ ల్యాప్‌టాప్‌లో ఉంచుకోండి.

2. జీడీబీ మల్టీఆర్చ్‌లో (వేరే రకం ప్రాసెసర్ల ప్రోగ్రామ్‌లనూ చదివే జీడీబీ) ముందు ‘ఫైల్’ కమాండ్‌తో ఆ కాపీని చూపించండి. ఆ తర్వాతే బోర్డుకు కనెక్ట్ చేసే ‘టార్గెట్ రిమోట్’.

3. చాలామంది వదిలేసేది ఇదే: రెండు ఫైళ్లూ ఒకే బిల్డ్‌వి కావాలి. రెండింటి మీదా ‘రీడ్‌ఎల్ఫ్ హైఫన్ ఎన్’ కొట్టి బిల్డ్ ఐడీ (ఆ బిల్డ్ గుర్తింపు సంఖ్య) పోల్చండి. స్ట్రిప్ చేసినా అది మారదు. ఒక్క లైను మార్చి ఇక్కడ మళ్లీ బిల్డ్ చేసి, బోర్డుకు పంపడం మరిచారా, బ్రేక్‌పాయింట్ పడినట్టే కనిపిస్తుంది. ఆగేది ఇంకెక్కడో, లేదా అసలు ఆగదు. మహా చిరాకు!

ఐడీలు కలిశాక కూడా లైన్లు ముందుకూ వెనక్కూ గెంతుతుంటే కంపైలర్ ఆప్టిమైజేషన్ ఆప్షన్ ‘ఓ2’ తీసేసి, డీబగ్గింగ్‌కు అనువైన ‘ఓజీ’ పెట్టండి.