ఆంత్రోపాలజీ చదవాలంటే ఫీల్డ్‌వర్క్ నచ్చాలి

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. పీజీలో కల్చరల్ ఆంత్రోపాలజీ (మనుషుల ఆచారాలను, జీవన విధానాలను అధ్యయనం చేసే శాస్త్రం) చేయాలనుంది. ఫీల్డ్‌వర్క్ అంటే ప్రశ్నావళి పట్టుకుని ఇంటింటికీ తిరగడమేనా? ఆదివాసుల గురించి తప్ప వేరే అంశాలు ఉండవా? ఉద్యోగావకాశాలు ఎలా ఉంటాయి?

జవాబు: ప్రశ్నావళి ఫీల్డ్‌వర్క్‌లో చిన్న భాగం మాత్రమే. అసలు పని ఆ మనుషుల మధ్య ఉండటం. బ్రోనిస్లావ్ మాలినోవ్‌స్కీ అనే ఆంత్రోపాలజిస్టు 1915-18 మధ్య రెండు విడతలుగా పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉన్నారు. ఊళ్లోనే గుడారం వేసుకుని, వాళ్ల భాష నేర్చుకున్నారు. అక్కడ 'కులా' అనే ఇచ్చిపుచ్చుకునే పద్ధతి ఉంది. ఎర్ర చిప్పల హారాలు ఒక దిశలో, తెల్ల శంఖపు కడియాలు దానికి ఎదురు దిశలో దీవి నుంచి దీవికి తిరుగుతుంటాయి. చేతికొచ్చినదాన్ని కొన్నాళ్లు ఉంచుకుని, ఇంకొకరికి ఇచ్చేయాలి. పైపైన చూస్తే, ఎందుకూ పనికిరాని వస్తువుల కోసం ప్రమాదకరమైన సముద్ర ప్రయాణాలు చేస్తున్నారనిపిస్తుంది. దగ్గరుండి చూసినవారికే ఆ హారాల వెనుక ఉన్న పేరుప్రతిష్ఠలు, తరాల స్నేహాలు, బాకీలు కనిపిస్తాయి. ఇలా వాళ్ల మధ్యే ఉంటూ గమనించడాన్నే సహభాగి పరిశీలన అంటారు.

ఎమిక్ (ఆ సమాజంలోని వాళ్ల దృష్టి), ఎటిక్ (పరిశోధకుడి విశ్లేషణ) నిర్వచనాలు ఒక్క పూటలో వచ్చేస్తాయి. మనుషులు చెప్పేది, చేసేది, చేయాలని నమ్మేది వేర్వేరుగా ఉంటాయని గమనించే ఓపిక రావడమే కష్టం. సాంస్కృతిక సాపేక్షతను కూడా చాలామంది పొరబాటుగా అర్థం చేసుకుంటారు. అన్నీ సరైనవేనని ఒప్పుకోమని అది చెప్పదు. తీర్పు చెప్పే ముందు ఆ ఆచారం ఆ సమాజంలో ఏ పని చేస్తోందో తెలుసుకోమంటుంది.

అంశాలకు కొదవ లేదు. ఆసుపత్రులు, కర్మాగారాలు, ఆన్‌లైన్ గేమ్ ఆడేవాళ్ల బృందాలు కూడా నేడు ఫీల్డే.

ఉద్యోగాల విషయం దాచకుండా చెబుతాను. 'ఆంత్రోపాలజిస్ట్' పేరుతో ఉండే పోస్టులు తక్కువ. బోధన, మ్యూజియాలతోపాటు ప్రజారోగ్యం, అభివృద్ధి సంస్థలు, యూజర్ రీసెర్చ్‌లో (వస్తువులను జనం ఎలా వాడుతున్నారో తెలుసుకునే పని) ఈ నైపుణ్యానికి విలువ ఉంది. జెనీవీవ్ బెల్ అనే ఆంత్రోపాలజిస్టు 1998లో కంప్యూటర్ చిప్‌ల సంస్థ ఇంటెల్‌లో చేరారు. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా ప్రబలినప్పుడు, మృతదేహాన్ని కడగడం లాంటి అంత్యక్రియల ఆచారాలతో వ్యాధి పాకింది. కుటుంబాల మనసు నొప్పించకుండా సురక్షిత పద్ధతులు రూపొందించడంలో ఆంత్రోపాలజిస్టులు తోడ్పడ్డారు. వాళ్ల పని ప్రాణాలకు సంబంధించింది. అందుకే ఈ సబ్జెక్టు వృథా అంటే నేను ఒప్పుకోను. అయితే స్టాటిస్టిక్స్ గానీ, మరో భాష గానీ తోడుగా నేర్చుకోండి.

దరఖాస్తు చేసే ముందు ఒక చిన్న ప్రయత్నం చేయండి. గ్రంథాలయమో, ఆటస్థలమో ఎంచుకుని, మీరెవరో, ఎందుకు వచ్చారో చెప్పి, అనుమతి తీసుకుని నెల రోజులు వారానికోసారి వెళ్లండి. ఆ రాత్రే నోట్స్ రాయండి. మర్నాటికి సగం మరచిపోతారు. చూసింది ఒకచోట, మీ ఊహ మరోచోట రాయండి. అసలు పేర్లు రాయకండి. నాలుగో వారంలోనూ కొత్త ప్రశ్నలు పుడుతుంటే ధైర్యంగా చేరండి. రాయడమే విసుగనిపిస్తే మాత్రం మరోసారి ఆలోచించండి, ఎందుకంటే ఈ చదువులో ఎక్కువ కాలం గడిచేది ఆ నోట్స్‌తోనే. కోర్సు ఎంచుకునేటప్పుడు సిలబస్‌లో ఎన్ని వారాల ఫీల్డ్‌వర్క్ ఉందో, అధ్యాపకులు వెంట ఉండి నేర్పిస్తారో లేదో సీనియర్లను అడిగి తెలుసుకోండి.