బీడీకట్టకు పిల్లవాణ్ని పంపకండి

“మా అబ్బాయి తొమ్మిదో తరగతి. స్నేహితులతో కలిసి సిగరెట్టు కాలుస్తున్నాడని అనుమానం. కొట్టకుండా ఎలా మాన్పించాలి?” అని అడిగారు. ఇంత రాసినవారు ఒక్క సంగతి రాయలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లలో ఎవరు కాలుస్తారు? వాళ్లకు దుకాణం నుంచి తెచ్చిపెట్టేది ఎవరు?

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ. వంతెన దాటితే కాళేశ్వరం. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ కిరాణా దుకాణం నాదే. చాలా ఏళ్లు బీడీలు, సిగరెట్లు అమ్మాను కాబట్టి పిల్లలు వాటిని ఎలా కొంటారో నాకు తెలుసు. ఏ పిల్లవాడూ మొదటి రోజే వచ్చి నాకు సిగరెట్టు కావాలని అడగడు. “నాన్న తెమ్మన్నాడు” అంటాడు. మొదట్లో అది నిజమే.

మా వీధిలో ఒకాయన కొడుకు అలాగే వచ్చేవాడు. ఎనిమిదేళ్ల వయసు నుంచీ రోజూ సాయంత్రం నాన్నకు బీడీకట్ట. డబ్బు ఇచ్చే పని లేదు, ఖాతాలో రాసుకునేదాన్ని. వాడికి పద్నాలుగేళ్లు వచ్చాక, 2017లో, కట్టతో పాటు ఒక విడి సిగరెట్టు అడగడం మొదలుపెట్టాడు. “అత్తా, ఇదీ నాన్నకే” అనేవాడు. వెళుతూ వెళుతూ ఒక పిప్పరమెంటు బిళ్ళ తీసుకునేవాడు. బీడీ తాగే మనిషికి పిప్పరమెంటు ఎందుకని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. రాసుకుంటూ పోయాను.

నెలాఖరుకు వాళ్ల నాన్న లెక్క చూసుకోవడానికి వచ్చాడు. పుస్తకం మీద వేలు పెట్టి ఒక్కొక్క వరుసా చదివి, “అక్కా, నేను సిగరెట్టు ముట్టనే! ఇవన్నీ ఎవరివి?” అన్నాడు. ఇరవై మూడు సిగరెట్లు. అన్నీ నా చేతిరాతే. అప్పుడే అటుగా వస్తున్న కొడుకును పిలిచి, అక్కడే, నలుగురి ముందు చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బకు వాడి నోట్లోని పిప్పరమెంటు బిళ్ళ ఎగిరి నా బియ్యం బస్తా మీద పడింది. కొట్టింది కుడిచేత్తో, ఎడమచేతిలో బీడీ కాలుతూనే ఉంది.

నాకు కాళ్లు వణికాయి. “తమ్ముడూ, పంపింది నువ్వు, అమ్మింది నేను. మన ముగ్గురిలో వీడినొక్కడినే ఎందుకు కొడుతున్నావు?” అన్నాను. ఆయన మాట్లాడలేదు. డబ్బు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు పిల్లవాణ్ని కూర్చోబెట్టి, అసలు ఎప్పుడు మొదలైందని అడిగాను. చిన్నప్పుడు నాన్న బీడీ చేతికిచ్చి పొయ్యి దగ్గర వెలిగించుకు రమ్మనేవాడట. నిప్పు అంటుకోవాలంటే రెండు దమ్ములు లాగాలి కదా. అదీ మొదలు. స్నేహితులు తర్వాత వచ్చారు. అందరూ స్నేహితులను తిడతారు, మీ ప్రశ్నలోనూ నేరం వాళ్లదే. 2019లో దేశమంతటా 13-15 ఏళ్ల బడిపిల్లల మీద జరిగిన సర్వేలో, బీడీ రుచి చూసినవారిలో 47 శాతం పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారని తేలింది. పదేళ్లలోపు పిల్లవాడికి బీడీ ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లోనే. నాకు ఇందులో అణుమాత్రం సందేహం లేదు.

ఆ వారమే బీడీలు, సిగరెట్లు తీసేశాను. వాటి కోసం వచ్చేవాళ్లు ఉప్పూ పప్పూ కూడా కొనేవాళ్లు, ఆ బేరం పోయింది. మా ఆయన ఆరు నెలలు గొణిగారు. పద్దెనిమిదేళ్లలోపు వారికి అమ్మకూడదని, బడికి వంద గజాల లోపల అసలే అమ్మకూడదని 2003 నుంచీ చట్టం ఉంది. జరిమానా రెండు వందలు. రెండు వందలకు ఎవరు భయపడతారు? 2015 నాటి బాలల న్యాయచట్టం కింద పిల్లలకు పొగాకు ఇస్తే ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. విడి సిగరెట్ల అమ్మకాన్ని మహారాష్ట్రలో 2020లో నిషేధించారు. మంచి పని. పెట్టె మీద 85 శాతం మేర పుండ్ల బొమ్మ ఉంటుంది, విడి సిగరెట్టు మీద ఏమీ ఉండదు. పైగా పెట్టె మొత్తం కొనే డబ్బు పిల్లవాడి దగ్గర ఉండదు. కానీ బస్టాండు దగ్గర ఇప్పటికీ విడిగానే ఇస్తున్నారు, చూస్తూనే ఉన్నాను.

ఇంకో మాట. పొగ వాసన కోసం చొక్కాలు వాసన చూస్తూ కూర్చోకండి. మా వైపు పిల్లలను ఎక్కువగా పాడుచేస్తున్నది ఖర్రా. వక్క, పొగాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి అరచేత్తో రుద్ది ఇస్తారు. వాసన రాదు, పొగ రాదు, తరగతి గదిలోనే బుగ్గన పెట్టుకుంటారు. మా జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది, గుట్కా మీద రాష్ట్రమంతటా 2012 నుంచి నిషేధం ఉంది, ఖర్రా రుద్దే చేతులు మాత్రం ఆగలేదు.

ఎండాకాలంలో బీడీలు చుట్టే తునికాకు కోయనిదే మా దగ్గర చాలా ఇళ్లు గడవవు. ఆ పిల్లవాడి తల్లి కూడా తెల్లవారుజామునే అడవికి వెళ్లి ఆకు తెచ్చి, కట్టలు కట్టి కల్లంలో పోస్తుంది. ఆ డబ్బుతోనే జూన్‌లో వాడికి పుస్తకాలు కొంటుంది. ఆమెను నేను తప్పుపట్టను. ఆకు అమ్ముకోవడం బతుకుతెరువు, పిల్లవాడి చేత బీడీ తెప్పించుకోవడం బద్ధకం.

మీ అబ్బాయిని కొట్టకండి. క్యాన్సర్ బొమ్మలు చూపించి భయపెట్టకండి, పద్నాలుగేళ్లవాడికి యాభై ఏళ్ల నాటి రోగం కనిపించదు. ఎప్పుడు మొదలైందో అడిగి, నోరు మూసుకుని వినండి. అలవాటు ముదిరిందనిపిస్తే 1800 11 2356కు ఫోను చేయండి, మానేందుకు సాయం చేసే ప్రభుత్వ నంబరు, డబ్బు పడదు. ఇంట్లో ఎవరైనా కాలుస్తుంటే ముందు వాళ్లతో మాట్లాడండి.

ఆ అబ్బాయి ఇప్పుడు హైదరాబాదులో పనిచేస్తున్నాడు. మానేశానంటాడు, నేను నమ్ముతాను. వాడి చెల్లెలు సబ్బుకో చక్కెరకో మా దుకాణానికి వస్తుంటుంది. బీడీకట్టకు మాత్రం వాళ్ల నాన్నే బస్టాండు దాకా నడిచి వెళతాడు.